శిలువల మలుపులో రాయి

శాన్ బెనీతో,
ఆగస్టు 20

తీలా,

మరియమ్మ కొంగు మీ ఇంటి మీద చల్లగా ఉండాలి. ముందు దీవెన పెట్టేశాను, ఎందుకంటే తర్వాత తిట్టేది చాలా ఉంది. ఫోన్ చేస్తే ఎత్తవు. మోగి మోగి ఆగిపోతుంది. మోంతెర్రే వెళ్లి జీన్ ప్యాంట్లు కుట్టేవాళ్లకి అక్క గొంతు పడదా? సరే, కొట్లో కూర్చుని టైపు చేస్తున్నా. బేరమొస్తే మధ్యలో ఆగుతా, సర్దుకో.

వాన వదలట్లేదు. నాకు మంచిదే అనుకో. యాత్రికులకి ప్లాస్టిక్ కోట్లు, రబ్బరు అడుగు చెప్పులు, చేతికర్రలు బాగా పోతున్నాయి. పక్క కొట్టు చోలే కొవ్వొత్తులు మాత్రం చెమ్మకి మెడలు వాల్చేశాయి. "మీ ప్రభువు నీకొక్కదానికే పెట్టాడే" అని నన్ను సాధిస్తుంది, ప్రభువు ఏదో నా పినతండ్రి కొడుకైనట్టు.

అసలు సంగతికి వస్తా. అమ్మ శిలువ పండుగకి కొండ మీది గుహ ప్రభువు గుడికి నడిచి వెళ్తానంటోంది. ఆ ఊపిరితిత్తులతో. నవ్వకు, నిజంగానే అంటోంది.

గాడిదలు తోలే దామాసో మొన్న వచ్చాడు. మార్చిలో మన తమ్ముడు నికాసియో టోపీ తెచ్చిచ్చింది ఇతనే. అమ్మ దగ్గు తగ్గాలని మొక్కుకుని బయల్దేరినవాడు గుహకీ చేరలేదు, ఇంటికీ రాలేదు, టోపీ ఒక్కటే వచ్చింది కదా. ఇన్నాళ్లకి దామాసో నోరు విప్పి, ఆ టోపీ శిలువల మలుపులో ఒక రాయి మీద బోర్లించి ఉందని చెప్పాడు. అంతే. అమ్మ వాడి గాడిదెక్కి మలుపు దాకా వెళ్లి చూసొచ్చింది. ఆ రాయికి ఎడమ కనుబొమ్మ ఉండాల్సిన చోట గంటు ఉందట, చిన్నప్పుడు రుబ్బురోలు మీద పడి వాడికి అయిన గంటు లాంటిదే.

మనకి పాలతోపాటు తాగించిన మాటే కదా ఇది. మొక్కుకుని బయల్దేరి మధ్యలో వెనక్కి తిరిగినవాడు రాయవుతాడు. ఆ దారిన పోయేవాళ్లు తలో తన్ను తన్ని ప్రభువు గుమ్మం దాకా చేర్చాలి, అప్పుడే విడుదల. చేత్తో ఎత్తకూడదు, సంచిలో వేయకూడదు. అమ్మ ఆ రాయిని మలుపు నుంచి గుహ దాకా తన్నుకుంటూ తీసుకెళ్తుందట.

నేనేం అనాలో చెప్పు. నాకు నవ్వు రావట్లేదు, ఏడుపూ రావట్లేదు. మార్చిలో మంచం మీద నుంచి లేవని మనిషి, ఈ మాట విన్నప్పటి నుంచి లేచి తిరుగుతోంది. అది చూస్తే నాకు ఇంకా భయంగా ఉంది. దీపం ఆరేముందు పెద్దదవుతుందంటారు.

బేరం వచ్చింది. ఉంటా.

మీ అక్క
బ్రిహీద

*

మోంతెర్రే,
ఆగస్టు 24

బ్రిహీదక్కా,

దండాలు. ఫోన్ ఎత్తలేదని కోపం పెట్టుకోకు. షిఫ్టులో ఫోన్లు తీసి పెట్టెలో పడేస్తారు. ఇంటికొచ్చేసరికి ఒళ్లు తెలీదు.

అమ్మని ఆపు. ఎలాగోలా ఆపు. నీ మాట కాకపోతే ఫాదర్ అన్సెల్మో మాట వింటుంది. అక్కా, దేవుడు మనుషుల్ని రాళ్లుగా మారుస్తాడా? కన్నబిడ్డ తడబడితే ఏ తండ్రైనా వాణ్ణి దారి పక్కన రాయిగా పడేస్తాడా? దేవుడంటే ప్రేమే. ఇక్కడ మేం వెళ్లే గుడిలో ఫాదర్ ప్రతి ఆదివారం అదే చెప్తారు. అమ్మకి ఈ మాట చదివి వినిపించు.

ఇంకోటి. అమ్మ దగ్గు ఎలా ఉంది, సరిగ్గా రాయి. తగ్గిందా, అలాగే ఉందా, ఎక్కువైందా? రాత్రి పడుకుంటోందా? తిండి తింటోందా? ఊళ్లో నికాసియో గురించి జనం ఏమనుకుంటున్నారు? పిరికివాడంటున్నారా? నువ్వు రాసే ప్రతి ముక్కా నాకు కావాలి.

మీ మరిది ఎలియాస్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

తీలా

*

శాన్ బెనీతో,
ఆగస్టు 27

తీలమ్మగారికి,

మీ పట్నం దేవుడికి దండాలు చెప్పు. ప్రేమేనట. మా దేవుడు కూడా ప్రేమేనమ్మా, కాకపోతే మా దేవుడి దగ్గరికి చెప్పులు విప్పి వెళ్తాం. నువ్వు ఏ గుడికి వెళ్తున్నావో నిజం చెప్పు, గిటార్లు వాయించి చప్పట్లు కొట్టే వాళ్లతో చేరావా? చోలే అదే అడిగింది. "మీ చెల్లెలికి భయం పోయిందంటే అక్కడేదో పెట్టి తినిపించారు" అంది.

నువ్వు చెప్పినట్టే ఫాదర్ అన్సెల్మోని తీసుకొచ్చాను. పాపం ఆయన మోకాళ్ల దాకా బురదతో వచ్చి కూర్చున్నారు. అమ్మ మొక్కజొన్న పిండితో అతోలె కాచి ఇచ్చింది.

"ఎపిఫానియమ్మా, ఈ రాళ్ల సంగతి పాతకాలపు మాట. దేవుడు కరుణామయుడు" అన్నారాయన.

"కరుణ ఉందనే కదా ఫాదర్ తన్నుకుంటూ తీసుకెళ్తోంది, లేకపోతే అక్కడే వదిలేద్దును" అంది అమ్మ.

ఆయన గ్లాసు ఊదుకున్నారు. "ఈ వయసులో, ఈ వానలో, ఆ కొండ" అన్నారు.

"మీరూ పండుగకి వెళ్తారుగా. మీకు కనిపిస్తే మీరూ ఓ తన్ను తన్నండి. మెల్లగా. ఎడమవైపు వద్దు, వాడికి అటు గంటుంది."

అతోలె తాగి వెళ్లిపోయారు.

దగ్గు సంగతి అన్నిసార్లు ఎందుకు అడుగుతున్నావో నాకు తెలీదనుకున్నావా? అమ్మని మోంతెర్రే తీసుకెళ్లి నాలుగు గోడల మధ్య పడేసి, ఈ ఇల్లు మూయించాలనే కదా. ఎలియాస్ చెప్పి రాయించాడా? అమ్మ రాదు. దగ్గు ఉంది. కానీ కొంగులో మూట కట్టి దాస్తోంది, నాకు సరిగ్గా కనిపించనివ్వదు. చాలా?

జనం నికాసియోని ఏమీ అనట్లేదు. అదే నాకు బాగోలేదు. వాడి పేరు వస్తే శిలువ గుర్తు వేసుకుని మాట మార్చేస్తున్నారు.

నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి ప్రేమ ప్రేమ అని రాస్తున్నావు. ఇక్కడికొచ్చి చూడు. కొండ మీద ఎప్పుడూ లేని చోట్ల ఊటలు పుడుతున్నాయి. రోడ్డు మధ్యలో నీళ్లు ఉడుకుతున్నట్టు బుడబుడ పైకొస్తున్నాయి. దామాసో గాడిదలు మలుపు దగ్గర కాళ్లు పాతుకుని నిలబడి పోతున్నాయట, కొట్టినా కదలవట. మొన్న అమ్మ మూట కడుతుంటే చూశాను. రొట్టెలు, ఎండు మిరపకాయలు, జపమాల. అడుగున గోధుమరంగు అంగీ, నడుం తాడుతో సహా. పోయాక తొడగమని కుట్టించి పెట్టుకున్నది. "అదెందుకమ్మా?" అన్నాను. "వాన కదే, తడిస్తే మార్చుకోవడానికి పొడిబట్ట ఉండాలి" అంది. నా మొహం చూడకుండా అంది.

బ్రిహీద

*

మోంతెర్రే,
సెప్టెంబరు 2

అక్కా,

ఇల్లు నీదే, అమ్మ నీదే, నాకేం వద్దు. ఎలియాస్‌ని ఇందులోకి లాగకు. నేను ఏ చప్పట్ల గుడికీ వెళ్లట్లేదు.

అంగీ సంగతి చదివాక నాకు అన్నం ముద్ద దిగలేదు. నా మొహం చూసి ఇంట్లో ఇంకెవరికీ దిగలేదు.

ఒక్కటి అడుగుతాను, చెయ్యి. పండుగ అయ్యేదాకా అమ్మని కదలనివ్వకు. కాలు బెణికిందని నువ్వు పడుకో, కొట్టు తగలబడిందని చెప్పు, ఏదైనా చెప్పు. సెలవు దొరగ్గానే నేను వస్తాను. నీకు ఒక మాట ముఖాముఖి చెప్పాలి. ఉత్తరంలో రాయలేను. రాయకూడదు కూడా.

ఒకవేళ నికాసియో ఎక్కడో ప్రాణాలతోనే ఉన్నాడనుకో, అప్పుడు అమ్మ ఒక వట్టి రాయి కోసం చచ్చిపోతుంది కదా? ఇదొక్కటి ఆలోచించు.

దగ్గులో ఏమైనా పడుతోందా? నిజం రాయి.

తీలా

*

శాన్ బెనీతో,
సెప్టెంబరు 6

తీలా,

నీ ఉత్తరం అటూ ఇటూ తిప్పి చదివాను. ముఖాముఖి చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంటుంది. ఉత్తరంలో రాయకూడని మాటా అదే. వాడి శవం దొరికింది, కదూ. మీ దగ్గరున్న పోలీసులెవరో చెప్పి ఉంటారు, నువ్వు గుర్తుపట్టి ఉంటావు. "ప్రాణాలతోనే ఉన్నాడనుకో" అని రాశావు చూడు, ఉన్నవాడి గురించి ఎవరూ అలా రాయరు. పోయినవాడి గురించే, ఇవతలివాళ్ల మనసు మెత్తబరచడానికి అలా అంటారు. మీ అత్త పోయినప్పుడు నువ్వు నాకు ఇలాగే మెలికలు తిప్పి రాశావు.

అమ్మకి మాత్రం చెప్పలేదు. చెప్పను కూడా. కానీ ఆవిడ కొట్టుకి వచ్చి, చెప్పుల మధ్య స్టూలేసుకుని కూర్చుని, "తీలా ఏం రాసింది?" అని అడిగింది.

"బాగున్నారట" అన్నాను.

"దాని మొహం కనిపిస్తోంది నీ మొహంలో. ఎవరో పోయినట్టుంది."

"వాన గొడవమ్మా."

"వాన ఎవర్నైనా తీసుకెళ్లొచ్చు. నికాసియోని తీసుకెళ్లలేదు. వాడు మలుపులో ఉన్నాడు, చలికి" అంది. అని నా దగ్గరున్న వాటిలోకల్లా మెత్తటి చెప్పులు ఏరుకుంది. తన కాళ్లకి కాదు తీలా. ముక్కు దగ్గర మెత్తగా ఉందో లేదో గోళ్లతో నొక్కి చూసింది, రాయికి దెబ్బ తగలకూడదని.

ఇంక ఆపలేను. ఎల్లుండి బయల్దేరుతున్నాం. నేనూ వెళ్తున్నా. పండుగ వారం కొట్టు మూసేస్తున్నానంటే చోలే నా నుదురు పట్టుకుని జ్వరమేమో చూసింది. నేను ప్రభువుకి భయపడే మనిషినే, కానీ ఇప్పుడు నా భయం అది కాదు. దారిలో అమ్మకి ఏమైనా అయితే ఆ అంగీ తొడగడానికి పక్కన ఎవరూ ఉండరని.

దగ్గులో పడుతోందో లేదో తెలీదు. గుడ్డలు తనే ఉతుక్కుంటోంది.

శవాన్ని ఎక్కడ పెట్టారో, ఫాదర్‌ని పిలిచారో లేదో అదైనా రాయి. వాడికి ముదురు ఎరుపు చొక్కా ఇష్టం.

నీ అక్క

*

మోంతెర్రే,
సెప్టెంబరు 8

అక్కా, బయల్దేరకముందే ఇది నీకు చేరాలి ప్రభువా.

శవం లేదు. వాడు ఉన్నాడు. నా ఇంట్లోనే ఉన్నాడు. జులైలో ఒకరోజు పని నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు, ఎముకలూ గడ్డమూ. అప్పటిదాకా ఎక్కడో ఇటుకల బట్టీలో పడున్నాడట. లోపలికి అడుగు పెడుతూనే గోడ మీది శిలువ దింపి నా చేతిలో పెట్టి ఒట్టేయించుకున్నాడు. ఎవరికైనా చెప్తే మళ్లీ కనిపించనన్నాడు. అందుకే ఫోన్ ఎత్తలేదు. నీ గొంతు వింటే నోరు జారుతానని.

మార్చిలో మలుపు దగ్గర వడగళ్లు పడ్డాయట. ఒక పిడుగు వచ్చి అక్కడి పెద్ద శిలువ మీదే పడిందట. అందరూ బురదలో మోకాళ్ల మీద పడ్డారు. వీడు పరిగెత్తాడు. చేతిలో అమ్మ కోసం తెచ్చిన కొవ్వొత్తి పట్టుకుని అలాగే కిందికి పరిగెత్తాడు. "పిడుక్కి కాదక్కా, నేను ఆయనకి భయపడ్డాను. ఆయన నన్ను చూశాడు" అంటాడు. "ఆయన్నుంచి పారిపోయాను కాబట్టి నా బదులు అమ్మని తీసుకుంటాడు. నేను ఎక్కడున్నానో తెలీకపోతే అమ్మ సంగతి కూడా మర్చిపోతాడేమో" అంటాడు. నలభై ఏళ్ల మగాడు అక్కా, పిల్లాడిలా దుప్పటి కప్పుకుని ఈ మాట అంటాడు. దగ్గు గురించి అడిగింది వాడే. నీ ప్రతి ఉత్తరం వచ్చాక, దగ్గు తగ్గిందా అని నా మొహం చూస్తాడు.

దేవుడంటే ప్రేమే అని నీకు రాశాను, వాడికీ రోజూ చెప్పాను. చెప్తూనే, ఒట్టు తప్పితే నాకేమవుతుందోనని వణుకుతూ ఉన్నాను. నా ప్రేమ దేవుడి సంగతి అదీ.

అంగీ మాట వాడి కంట పడకుండా దాచాను. నిన్న నా ఫోన్ తీసి చదివేశాడు. గడ్డం గీసుకున్నాడు. మధ్యాహ్నం బస్సెక్కాడు. "అమ్మ మలుపు దాటకముందే వెళ్లాలి" అన్నాడు. మళ్లీ మధ్యలో దిగి పారిపోతాడేమోనని నాకు భయం, దిగకుండా ఆ కొండెక్కుతాడేమోనని అంతకంటే భయం.

అమ్మకి చెప్పు. నన్ను తిట్టమను.

తీలా

*

శిలువల మలుపు, దామాసో పాక,
సెప్టెంబరు 11

తీలా,

ఇక్కడ సిగ్నల్ లేదు, రాసి పెడుతున్నా, ఎప్పుడు వెళ్తే అప్పుడు వెళ్తుంది. నీ జవాబు ఏదీ రాలేదు. వాడి శవానికి స్నానం చేయించారో లేదో తెలీకుండా, ఇక్కడ వాడి రాయి ముందు కూర్చున్నాను. నా బుర్ర రెండు ముక్కలైంది.

పొద్దున అమ్మ మొదటి తన్ను తన్నింది. అంతకుముందు వంగి దాని మీద బురద ఒత్తి తుడిచి, "లేరా నాయనా, పోదాం" అంది. తర్వాత నా వంతు. నా కాలు వెనక్కి వెళ్లి ఆగిపోయింది తీలా. నా చెప్పులు కొన్నవాళ్లు ఎన్ని రాళ్లు తన్ని ఉంటారో, నేనెప్పుడూ ఆలోచించలేదు. "తన్నవే, వాడికి కూడా ఇంటికి పోవాలని ఉంటుంది" అంది అమ్మ. తన్నాను. అది దొర్లిన చప్పుడు నాకు నచ్చలేదు. లోపల బోలుగా ఉన్నట్టు మోగింది.

పాక దాకా వచ్చేసరికి కనీసం ఒక బజారుకి సరిపడా జనం తలో తన్ను తన్నారు. ఒకావిడ తన్నే ముందు "క్షమించు బాబూ" అంది. ఒక తాగుబోతు గట్టిగా తన్నాడని అమ్మ చేతికర్రతో వాడి పిక్క మీద ఒకటిచ్చింది.

కొండ బాగోలేదు. పక్షులు లేవు. రాబందులు కూడా కిందికి రాకుండా చాలా ఎత్తున తిరుగుతున్నాయి. గోడలోంచి వచ్చినట్టు నేలలోంచి చప్పుడు వస్తోంది, దామాసో చెవి పెట్టి విని, ముంత నేలకి ఆనించి మళ్లీ విన్నాడు. "అమ్మా, వెనక్కి పోదాం. మళ్లీ మార్చిలో లెంట్ ఉపవాసాల‌కి రావచ్చు" అన్నాడు.

"ఇప్పుడు వెనక్కి తిరిగితే నన్నెవరు తన్నాలి?" అంది అమ్మ.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆవిడ హాస్యానికి అనలేదని నాకొక్కదానికే తెలుసు. నిజంగానే భయపడుతోంది. ప్రభువుకి అంత భయపడే మనిషి, ఆయన చేసిన రాయిని ఆయన దగ్గరికే ఎలా తీసుకెళ్తోందో నాకు అర్థం కాదు.

గుడ్డ చూశాను. ఎర్రగా ఉంది. ఇప్పుడు అడుగు, చెప్తాను.

బ్రిహీద

*

మోంతెర్రే,
సెప్టెంబరు 12

అక్కా,

రేడియోలో చెప్తున్నారు, శిలువల మలుపు దగ్గర కొండచరియ విరిగిపడిందట, దారి మొత్తం పోయిందట. నికాసియో వానల్లో బస్సులు ఆగి ఆగి నిన్న పొద్దునకి శాన్ బెనీతో చేరి, బస్టాండు నుంచి ఫోన్ చేశాడు. చోలేని కలిశానన్నాడు, కొండెక్కుతున్నానన్నాడు. ఆ తర్వాత ఫోన్ మోగట్లేదు. నీదీ మోగట్లేదు.

ఒక్క ముక్క రాయి. ఎవరున్నా లేకపోయినా సరే, ఒక్క ముక్క.

తీలా

*

గుహ ప్రభువు సత్రం,
సెప్టెంబరు 15

తీలా,

ముందు ఇది విను. ముగ్గురం ఉన్నాం. ఇక్కడే ఉన్నాం. ఇప్పుడు కూర్చుని తాపీగా చదువు.

పన్నెండో తారీఖు పొద్దున మేం పాక వదిలి పైకి వచ్చాక, వెనకాల కొండ దిగిపోయింది. చప్పుడు రాలేదు తీలా, ముందు గాలి వచ్చింది, వీపు మీద చెయ్యేసి తోసినట్టు. తిరిగి చూస్తే మలుపు లేదు. శిలువలు లేవు. పాక లేదు. దామాసో మాతోనే ఉన్నాడు, వాడి గాడిదలు ఒక్కటీ మిగల్లేదు. అతను దారిలో కూర్చుండిపోయి, వాటిని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచాడు.

మర్నాడు పైగుట్ట ఎక్కగానే నా ఫోన్ గుంయ్‌మంది. నీ ఎనిమిదో తారీఖు ఉత్తరం. దాని కిందే రెండోది. వాడు బతికే ఉన్నాడని చదివి ఊపిరి పీల్చుకున్నాను. కింది దానికి వచ్చేసరికి ఆ ఊపిరి అక్కడే ఆగింది. బతికున్నవాణ్ణి నువ్వు కొండెక్కించావు, కొండ దిగిపోయింది.

అమ్మ ముందు నడుస్తోంది. రాయిని తన్నుతోంది. దానితో కబుర్లాడుతోంది. నేను వెనకాల ఫోన్ పట్టుకుని నడుస్తున్నాను. చెప్పాలా? చెప్తే వాడి కోసం వెనక్కి తిరుగుతుంది, దారి లేని దారిలోకి. చెప్పకపోతే, ఇక్కడ రాయిని ముద్దు చేస్తూ ఉంటే అక్కడ బురద కింద వాడు. నిన్ను మనసులో తిట్టడానికి నోరు రాలేదు. ఎందుకంటే నేనూ చెప్పలేదు. పండుగ పొద్దుటి దాకా చెప్పలేదు.

పండుగ పొద్దున ఆఖరి ఎక్కు. గుహ గంటలు వినిపిస్తున్నాయి. అమ్మ నాలుగడుగులు వేయడం, కూర్చోవడం, గుడ్డ నోటికి అడ్డం పెట్టుకోవడం. జనం మమ్మల్ని దాటి పోతున్నారు. అప్పుడు కింది లోయ వైపు నుంచి, దారి కాని చోట నుంచి, ఒకడు పైకి పాక్కుంటూ వచ్చాడు. తల నుంచి కాలి దాకా ఒకటే బురద. చెప్పుల్లేవు. నేను గుర్తుపట్టలేదు. అమ్మ గుర్తుపట్టింది.

వాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అమ్మ రెండు చేతులతో వాడి మొహం తడిమింది, కనుబొమ్మ మీది గంటు మీద బొటనవేలు పెట్టింది. తర్వాత చెప్పు తీసి వాడి భుజం మీద రెండు పీకింది. అవి పీకాక గుండెలకి హత్తుకుంది. నేను, దామాసో, దారినపోయే వాళ్లూ, అందరం ఏడుస్తున్నాం. ఒకావిడ "రాయి లోంచి వచ్చాడు, మహిమ" అని మోకాళ్ల మీద పడిపోయింది.

అమ్మ మాత్రం పక్కకి చూసింది. రాయి అక్కడే ఉంది.

"నువ్వు ఇక్కడుంటే మరి ఇదెవర్రా?" అంది.

"వట్టి రాయమ్మా" అన్నాను నేను. "తీలా ఇంట్లో ఉన్నాడు వీడు. ఇన్నాళ్లూ అక్కడే ఉన్నాడు. దాన్నొదిలెయ్, లోపలికి పోదాం."

"ఎవరో తల్లి ఇంట్లో కూర్చుని టోపీ వైపు చూస్తూ ఉంటుంది" అంది అమ్మ. "ఇంత దూరం తెచ్చి ఇక్కడ వదిలేస్తే ఆవిడకి నేనేం చెప్పాలి? ఆయనకేం చెప్పాలి? నికాసియో, తన్ను. నా కాలు ఇంక లేవట్లేదు."

వాడు కాలెత్తాడు. సరిగ్గా అప్పుడే గుహ పైన ఆకాశం ఉరిమింది. తీలా, నేను వాడి కాళ్లనే చూస్తున్నాను. ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. కళ్లు కింది లోయ వైపు తిరిగాయి. ఇంకొక్క క్షణం ఉంటే పరిగెత్తేవాడే.

"భయమేస్తోందమ్మా" అన్నాడు.

"వెయ్యాలి. నాకూ వేస్తోంది. భయపడుతూనే తన్ను" అంది అమ్మ. "అటు కాదు. గుడి వైపు."

తన్నాడు. ఉత్త కాలితో. వేలు చిట్లింది. మళ్లీ తన్నాడు. గుమ్మం దాకా అమ్మని దామాసో, నేను చెరోవైపు పట్టుకుంటే, వాడు ముందు ఆ రాయిని తన్నుకుంటూ నడిచాడు. గుమ్మం దగ్గర ఫాదర్ అన్సెల్మో నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూశారు, రాయిని చూశారు. బట్ట కాస్త పైకి పట్టుకుని, ఆఖరి తన్ను ఆయనే తన్నారు, మెల్లగా, కుడివైపు నుంచి. అది గడప దాటి లోపల మిగతా రాళ్లలోకి వెళ్లి ఆగింది.

ఇక్కడితో ఆపితే బాగుండేది.

నిన్నటి నుంచి అమ్మ లేవలేదు. సత్రం డాక్టరమ్మ వచ్చి చూసి, నన్ను బయటికి పిలిచి, కింద దారి లేదు, ఉన్నా ఈవిడ దిగలేదు అంది. నెత్తురు ఆగట్లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "వాడికి చెప్పకు. వాడు మార్చి సంగతి వల్లే అనుకుంటాడు. మళ్లీ పారిపోతాడు" అంది. సరేనన్నాను. గుడ్డలు నా కొంగు కింద పెట్టుకుని తీసుకెళ్లి ఉతుకుతున్నాను. నువ్వు ఇన్నాళ్లూ మోసింది ఏంటో ఇప్పుడు తెలిసింది.

ఇవాళ మధ్యాహ్నం వాడు రొట్టె తీసుకుని లోపలికి వచ్చాడు. అదే సమయానికి అమ్మకి దగ్గు తెర వచ్చింది, గుడ్డ అందలేదు. దుప్పటంతా. వాడు చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. తలుపు వైపు చూశాడు. నేను తలుపులోనే ఉన్నాను తీలా. అడ్డం నిలబడదామనుకున్నాను. నిలబడలేదు. పక్కకి జరిగాను. పోవాలనుకున్నవాణ్ణి ఈసారి ఎవరూ పట్టి ఆపకూడదనిపించింది, ఎందుకో నన్నడగకు.

పోలేదు. మంచం కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అమ్మ కాళ్లు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందుల్లో ఎండిన బురద తడిగుడ్డతో తీయడం మొదలుపెట్టాడు. చేతులు ఎంత వణుకుతున్నాయంటే తపేలా మంచానికి తగిలి టకటకమంటోంది.

అమ్మ కళ్లు తెరవకుండా, "ఎవరది, కాళ్ల దగ్గర?" అంది.

"నేనేనమ్మా."

"ఉన్నావా?"

"ఉన్నాను."

ఇంకా అక్కడే ఉన్నాడు, నేను ఇది టైపు చేస్తుంటే కనిపిస్తున్నాడు. ఫాదర్ ఆఖరి అభిషేకానికి నూనె తీసుకుని వస్తున్నారు. నువ్వు బయల్దేరు. పడమటి వైపు దారి తెరిచే ఉందట, అటు నుంచి రా. మెత్తని చెప్పులు వేసుకో. నల్లబట్టలు తెచ్చుకో, దారిలో మాత్రం వేసుకోకు.

నీ అక్క
బ్రిహీద